కిటికీకి లోపల మరో కిటికీ

కాకినాడ నుంచి ఒక సోదరి యిలా రాశారు:

"మా అబ్బాయి ఇంగ్లండులో లెస్టర్ పట్టణంలో వుద్యోగం చేస్తున్నాడు. పోయిన ఏడు అక్కడే ఒక పాత యిల్లు కొనుక్కున్నాడు. నూట యిరవై ఏళ్ళ నాటి యిటికల యిల్లట. కోడలికి ఫిబ్రవరిలో నెలలు నిండుతాయి. వియ్యపురాలికి ఆరోగ్యం బాగుండక ప్రయాణం వీలుపడదు కనుక పురిటికి నేనే వెళ్ళాలని అనుకున్నాం. తీరా టిక్కెట్టు కొనే సమయానికి అబ్బాయి ఫోను చేసి, 'ఈ యిల్లు మహా చలిగా వుందమ్మా, కిటికీల్లోంచి గాలి కొడుతోంది, నీకసలే ఆయాసం, ఎండలు వచ్చాక వద్దువుగాని' అన్నాడు. కిటికీలు అమ్మే ఆయనెవరో వచ్చి, పాతవన్నీ పీకించి ప్లాస్టిక్ చట్రాలవి వేయించుకోమన్నాడట. అంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు. కోడలేమో పాత కిటికీలు అలాగే వుంచి, లోపలి వైపున యింకో అద్దం బిగిస్తే చాలునంటోంది. కిటికీకి కిటికీ ఏమిటండీ? అది పనిచేస్తుందా? నేను వెళ్ళవచ్చునా, మానుకోవాలా?"

ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. వెళ్ళండి. మీ ఆయాసం సంగతి డాక్టరు గారితో మాట్లాడి, మందులు సరిపడా పట్టుకుని వెళ్ళండి. మీ కోడలు చెప్పిన వుపాయం మంచిదే. అయితే దాన్ని చేసే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి తెలియక మా చెల్లెలి కుటుంబం, వాళ్ళతో పాటు నేనూ, ఒక చలికాలమంతా అవస్థ పడ్డాం. ఆ కథ చెబితే మీకు ఆ బాధ తప్పుతుంది.

మా చెల్లెలిది మాంచెస్టర్. 2022 అక్టోబరు ఆఖరున నేను అక్కడికి వెళ్ళాను. వాళ్ళదీ మీ అబ్బాయి యిల్లు లాంటిదే. వీధి పొడుగునా ఒకదానికొకటి అంటుకుని, ఒకే పోలికలో వుండే యిటికల యిళ్ళు. ముందు గదిలో వీధిలోకి పొడుచుకు వచ్చిన పెద్ద కిటికీ. తలుపులు పక్కకు తెరుచుకోవు. అద్దాల చట్రాలు రెండు, పైకీ కిందికీ జారతాయి. గోడలో దాగిన యినుప గుండ్లు తాళ్ళకు వేలాడుతూ వాటి బరువును సరితూస్తాయి. చూడ ముచ్చటగానే వుంది. కాని ఆ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో పాదాలు కొంకర్లు పోయాయి. మొదటి రాత్రి పాలు తోడు పెట్టాను. తెల్లవారి చూస్తే పాలు పాలుగానే వున్నాయి. "ఇక్కడ పెరుగు తోడుకోదు అక్కయ్యా, కొనుక్కోవడమే" అంది చెల్లెలు.

ఇంత చలి దేశంలో యింత పెద్ద కిటికీలు ఎందుకు పెట్టుకున్నారా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. దీని వెనుక ఒక పన్ను కథ వుంది. ఇంగ్లండులో 1696 నుంచి 1851 వరకు కిటికీల మీద పన్ను వుండేది. యింటికి కిటికీలు ఎక్కువైన కొద్దీ పన్ను ఎక్కువ. అది కట్టలేక చాలామంది కిటికీలను యిటికలతో మూసేసుకున్నారు. అద్దం మీద వేరే సుంకం వుండేది, అది 1845లో పోయింది. ఈ రెండూ తొలగేసరికి, యిన్నాళ్ళూ చీకట్లో మగ్గిన జనం పెద్ద పెద్ద అద్దాలతో యిళ్ళు కట్టుకున్నారు. చలికి అప్పట్లో వారికి లెక్కలేదు. ప్రతి గదిలోనూ బొగ్గుల పొయ్యి వుండేది. పైగా కిటికీ సందుల్లోంచి కాస్త గాలి రాకపోతే ఆ పొయ్యి సరిగ్గా మండదు, పొగ గొట్టంలోకి ఎక్కదు. అంటే ఆ సందులు అప్పటి కాపురానికి అక్కరకు వచ్చినవే.

తరువాత కాలం మారింది. 1952 డిసెంబరులో లండన్‌ను కప్పేసిన పొగమంచు వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చింది. మెల్లగా బొగ్గు పొయ్యిలు పోయి, గోడవారగా వేడినీటి పెట్టెలు వచ్చాయి. నీటిని గ్యాసుతో కాచి వాటిలోకి పంపుతారు. పొయ్యి పోయినా కిటికీ సందులు మిగిలాయి. ఇంగ్లండులో సుమారు ఐదింట ఒక యిల్లు 1919కి ముందు కట్టిందే కనుక, యిది మీ అబ్బాయి ఒక్కడి బాధ కాదు.

నేను వెళ్ళిన ఏడు అసలే గడ్డుకాలం. ఆ ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. అంతకుముందే ఎక్కుతున్న గ్యాసు ధర ఆకాశాన్నంటింది. అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వం, మామూలుగా వాడుకునే కుటుంబానికి ఏడాదికి సుమారు 2,500 పౌన్లు అయ్యేటట్టు యూనిట్ ధరకు హద్దు కట్టింది. హద్దు కట్టాక సంగతి అది! మా మరిది రోజూ సాయంకాలం మీటరు చూసి వచ్చి నిట్టూర్చేవాడు. వాళ్ళింటికీ కిటికీలు అమ్మే ఆయన వచ్చాడు. "ఇవన్నీ తీసిపారేయండి, మీ బిల్లు సగమైపోతుంది" అన్నాడు. ఆ మాట నమ్మవద్దు. అలాంటి యింట్లో కిటికీల కంటె గోడల నుంచీ పైకప్పు నుంచీ పోయే వేడే ఎక్కువ. కిటికీలు మార్చినంత మాత్రాన బిల్లు సగం కాదు.

అయితే కిటికీ చేసే నష్టం తక్కువదేమీ కాదు. కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. బయట 0 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు వుందనుకోండి. ఒంటి అద్దం వున్న కిటికీలో ప్రతి చదరపు మీటరు గుండా, ప్రతి డిగ్రీ తేడాకూ, దాదాపు 5 వాట్ల వేడి బయటికి పోతుంది. కిటికీ ఒకటిన్నర చదరపు మీటరైతే మొత్తం 150 వాట్లు. అంటే రాత్రింబవళ్ళు 75 వాట్ల పాత బల్బులు రెండు వీధిలో వెలిగించి వుంచినట్టు. అదీ ఒక్క కిటికీకి! ఆ సమయంలో అద్దం లోపలి ముఖం 7 డిగ్రీల దగ్గర వుంటుంది. గది వెచ్చగానే వున్నా, ఆ చల్లటి అద్దం పక్కన కూర్చున్న మనిషి ఒంటి వేడి అటు పోతూనే వుంటుంది. అద్దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి జారి పాదాల మీదికి వస్తుంది. నా పాదాలు కొంకర్లు పోయింది అందుకే.

ఇప్పుడు మీ కోడలి వుపాయం చూడండి. పాత అద్దానికి లోపలి వైపున కొంచెం ఎడంగా రెండో అద్దం బిగిస్తే ఆ రెంటి నడుమ గాలి చిక్కుకుంటుంది. కదలకుండా నిలిచిన గాలి వేడిని అంత తేలికగా పోనివ్వదు. ఒక మందపాటి దుప్పటి కంటె రెండు పలచటి దుప్పట్లు వెచ్చగా వుండడం మనకు తెలిసిందే కదా, కిటుకు అదే. 2008లో స్కాట్లండులో పాత కట్టడాల సంరక్షణ సంస్థ కోరగా గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయం వారు ఒక పాత జారుడు కిటికీని పరీక్షించారు. బరువైన తెరలు వేస్తే అద్దం గుండా పోయే వేడి 14 శాతం తగ్గింది. పాతకాలపు చెక్క తలుపులు లోపల మూస్తే 51 శాతం తగ్గింది. రెండో అద్దం బిగిస్తే 63 శాతం! మనం లెక్క వేసిన 150 వాట్లు సుమారు 55కు దిగుతాయన్నమాట. అద్దం లోపలి ముఖం కూడా 15 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. రష్యాలో చలికాలం రాగానే రెండో చట్రాలు బిగించి, నడుమ దూది పరిచి, సందులకు కాగితపు పట్టీలు అంటించడం పూర్వపు అలవాటు. వియన్నా నగరపు పాత యిళ్ళలో జంట కిటికీలు యిప్పటికీ వున్నాయి.

ఇక మేం చేసిన పొరపాటు. చేతిలో డబ్బు లేదు కనుక, నవంబరు మొదట్లో మరిది బజారు నుంచి పలచటి ప్లాస్టిక్ పొర తెచ్చాడు. కిటికీ చట్రం చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు వేసి, దాని మీద ఆ పొర అంటించి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొడితే ముడతలన్నీ పోయి తబలా మీద తోలులా బిగుసుకుంటుంది. కొద్ది పౌన్లతో అయిపోయే పని. యిల్లు వెచ్చబడింది. మాకు వుత్సాహం హెచ్చింది. తలుపుల కింద గుడ్డలు కుక్కాం. గోడకున్న గాలి రంధ్రాల్లో కాగితాలు దోపాం. చీమ దూరే సందు లేకుండా చేశామని మురిసిపోయాం. ఆ యింట్లోనే పొద్దున్నా సాయంత్రం పప్పూ సాంబారూ మరిగించాం. బట్టలు వేడి పెట్టెల మీద ఆరేశాం. ఐదుగురం రాత్రంతా తలుపులు మూసుకుని పడుకున్నాం.

మూడు వారాలు తిరిగేసరికి, ఆరేళ్ళ పిల్లకు దగ్గు పట్టుకుంది. మందు వేసినా తగ్గలేదు. ఒకనాడు దాని గౌను కోసం బీరువా కొంచెం ముందుకు లాగాను. వెనుక గోడంతా నల్లటి బూజు! అరచేయి వెడల్పున మచ్చలు. నా గుండె జారిపోయింది. ఎందుకంటే, సరిగ్గా ఆ నవంబరులోనే అక్కడి పత్రికలన్నిటా ఒకటే వార్త. మాంచెస్టర్‌కు దగ్గరలోనే వున్న రాచ్‌డేల్‌లో, 2020 డిసెంబరులో, రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. వాడుండే యింటి గోడల బూజే కారణమని విచారణాధికారి తేల్చి చెప్పారు. దాని మీద 2023లో చట్టం కూడా వచ్చింది. ఆ వార్త చదివి కన్నీళ్ళు పెట్టుకున్న మేమే, మా చేతులతో మా పిల్ల గదిలో బూజు పెంచాం.

కారణం సులభమే. 20 డిగ్రీల గాలి, సగానికి సగం తేమతో వుంటే, 9 డిగ్రీలకు చల్లబడగానే నీరు విడుస్తుంది. వంట ఆవిరి, తడి బట్టల ఆవిరి, మన వూపిరి, అన్నీ కలిసి యింట్లో తేమ పెరుగుతుంది. అంతకు ముందు ఆ తేమ కిటికీ సందుల్లోంచి బయటికి పోయేది. కొంత చల్లటి అద్దం మీద నీరై కారేది, చెల్లెలు గుడ్డతో తుడిచేది. మేం కిటికీలు మూసేశాం, తేమ పోయే దారి మరిచాం. అది వెళ్ళి, యింట్లో అన్నిటికంటె చల్లగా వున్న చోటు, బీరువా వెనుక గోడ, వెతుక్కుంది.

డాక్టరు గారు పిల్లను చూసి, "ముందు ఆ గదిని బాగు చేయండి" అన్నారు. రంధ్రాల్లో కాగితాలు తీసేశాం. బూజు కడిగేదాకా పిల్లను మా గదిలో పడుకోబెట్టుకున్నాం. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపాం. వంట చేసేటప్పుడు గిన్నెల మీద మూతలు, వంటింట్లో ఆవిరి లాగే ఫాను. బట్టలు స్నానాల గదిలోనే, ఫాను వేసి తలుపు మూసి. రోజూ పొద్దున్న పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవడానికి, గదికొక కిటికీకి ప్లాస్టిక్ తీసేశాం. ఆ డిసెంబరులో పది రోజుల పాటు నీళ్ళు గడ్డకట్టే చలి వేసింది. అయినా యిల్లు ముందటి కంటె వెచ్చగానే వుంది. సంక్రాంతి నాటికి పిల్ల దగ్గు తగ్గింది. మరుసటి ఏడు వాళ్ళు డబ్బు కూడబెట్టి, ముందు రెండు గదులకు తెరవడానికి వీలైన రెండో అద్దాలు బిగించుకున్నారు.

మీ అబ్బాయికి చెప్పవలసినవి వరసగా రాస్తున్నాను. ఈ పేజీ కత్తిరించి పంపినా సరే.

మొదటిది, పాత చట్రాలను వడ్రంగి చేత చూపించాలి. వూడిన లప్పం, పుచ్చిన చెక్క, తెగిన తాడు ముందు బాగు చేయాలి. ఆనాటి చెక్క మంచిది, మరమ్మతుకు లొంగుతుంది. మరీ పుచ్చి పోతే కొత్త కిటికీ తప్పదు. పైకప్పు కింద దూది లాంటి పరుపు లేకపోతే కిటికీల కంటె ముందు అది పరిపించాలి, 270 మిల్లీమీటర్ల మందాన పరవమని అక్కడి వారి సలహా.

రెండవది, అద్దాల నడుమ 16 నుంచి 20 మిల్లీమీటర్ల ఎడం వేడికి సరిపోతుంది. యింకా ఎడంగా పెట్టినా పెద్ద నష్టం లేదు. లోపలి అద్దం చుట్టూ సందు లేకుండా బిగువుగా వుండాలి. బయటి పాత కిటికీ మాత్రం కాస్త గాలి ఆడేటట్టు వుండాలి. ఇది తిరగబడితే రెండు అద్దాల నడుమ మంచు పట్టి మసకబారుతుంది.

మూడవది, ఎవరి శక్తిని బట్టి వారికి మార్గముంది. ప్లాస్టిక్ పొర ఒక చలికాలానికి. అక్రిలిక్ పలకను అయస్కాంతపు పట్టీలతో తగిలించుకుంటే వేసవిలో తీసి దాచుకోవచ్చు, దాని బరువు అద్దంలో సగమే. జారుడు చట్రాల్లో అద్దం ఖరీదైనదే కాని చాలాకాలం వుంటుంది. అద్దె యింటి వారికి మొదటి రెండూ అనువు. యిల్లు చారిత్రక కట్టడాల పట్టికలో వుంటే ముందు మునిసిపాలిటీ వారినడగాలి. వీధి వైపు రూపు మారదు కనుక సాధారణంగా వారు దీనికి సుముఖంగానే వుంటారు.

నాలుగవది, ప్రాణానికి సంబంధించినది. పడక గదుల్లో ప్రతిదానికీ కనీసం ఒక కిటికీ చటుక్కున తెరవడానికి వీలుండాలి. నిప్పు అంటుకుంటే బయటపడే దారి అదే కావచ్చు. గ్యాసు మంట వున్న చోట గాలి కోసం పెట్టిన రంధ్రాన్ని ఎన్నడూ మూయరాదు. మూస్తే పుట్టే విషవాయువుకు రంగూ వాసనా వుండవు.

ఇదే వారం హైదరాబాదు నుంచి యింకొకరు అడిగారు: "మా పడక గది రోడ్డు మీదికి వుంది. హారన్ల మోతతో నిద్ర లేదు. పడమటి ఎండకు ఎ.సి. కూడా చాలడం లేదు. రెండో అద్దం వేయిస్తే రెండు బాధలూ తీరుతాయా?"

మోత తగ్గుతుంది. కాని అందుకు ఎడం 100 మిల్లీమీటర్లయినా వుండాలి, లోపలి అద్దం మందం బయటిదానికంటె వేరుగా వుంటే మరీ మంచిది. ఎండ సంగతి వేరు. తెల్లటి అద్దం ఒకటున్నా రెండున్నా ఎండ లోపలికి వచ్చే తీరుతుంది. వచ్చాక ఆపడం కష్టం. దాన్ని కిటికీ బయటే ఆపాలి. మన పెద్దలు వసారాలు దింపినా, వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లినా అందుకే. మీరు ముందు బయట వెదురు తడిక వేలాడదీయండి. అద్దం మాట తరువాత ఆలోచించవచ్చు.

మళ్ళీ కాకినాడ సోదరికి ఒక మాట. ఉన్న డబ్బుతో అన్ని కిటికీలూ కాకపోతే, బాలింత వుండబోయే గది కిటికీ ముందు చేయించమనండి. ఆ గదిలో చిన్న ఉష్ణమాపకం ఒకటి తగిలించమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2018లో, చలిదేశాల్లో యింటి లోపల 18 డిగ్రీలకు తగ్గకుండా వుండాలన్నారు. పసివాళ్ళు పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య వుంటే చాలునని అక్కడి వైద్యులు చెబుతారు. మనలో కొందరు చేసినట్టు, చలి అని బిడ్డను నాలుగు గుడ్డల్లో చుట్టి, గది తలుపులన్నీ బిగించవద్దు.

మీరు వెళ్ళిన మర్నాడే వంటింట్లో పాలు తోడు పెట్టండి. తెల్లవారేసరికి పెరుగు గట్టిగా తోడుకుంటే, మీ కోడలి మాట నెగ్గిందని నాకు రెండు ముక్కలు రాయండి.